హరిత వసతి, గది నెంబరు ఒకటి

స్నానమాడే విద్యార్థి బకెట్టులో చివరి చెంబుడు నీళ్లు మిగిల్చిన నాడు ఈ భూగోళం మరో వెయ్యేళ్లు మనగలదని అమాత్యవర్యులు ప్రకటించారు. నరసరావుపేట శివార్లలోని విశ్వవిద్యాలయంలో ‘హరిత వసతి’ ప్రారంభోత్సవ సభ అది. శిలాఫలకం మీద రెండు వందల నలభై గదులున్నాయి. నేల మీద ఒకటుంది. తక్కినవి ఈ ఒక్కదాని ఫలితాలను అధ్యయనం చేశాక లేస్తాయని వసతి విభాగం సంచాలకులు జానకిరామయ్యగారు సెలవిచ్చారు.

ఆ ఒక్క గదికీ నివాసిగా ఎంపికైన భాగ్యశాలి ఈపూరు మిరప రైతు కొడుకు వెంకట సాయి. రెండేళ్ల డిగ్రీ చదువు అతనికి చాలావరకు బస్సులోనే సాగింది. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే కడ్డీ పట్టుకొని. ఫలితంగా రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. గది దొరికింది గనక ఈ ఏడు గట్టెక్కుతానన్న ధీమాతో ట్రంకుపెట్టె, పచ్చడి జాడీ మోసుకుని దిగాడు.

గది నిజంగానే గొప్పది. నాపరాతి జోడు గోడలు, పిడుగురాళ్ల సున్నం పూత, ఎదురెదురు కిటికీలు. బయట నలభై అయిదు డిగ్రీలు మండుతుంటే లోపల ఇరవై ఏడేనని గోడ మీది ఉష్ణమాపకంలో ఎర్రంకెలు చెబుతున్నాయి. సాయి మంచం మీద చతికిలబడ్డాడు. అంకె ఇరవై ఎనిమిదైంది.

“లెయ్, లెయ్యి!” అటెండరు కాలేషా గుమ్మంలోంచి కేకేశాడు. “నువ్వు కూచుంటే గది వేడెక్కుద్ది రా! రిపోర్టులో ఇరవై ఏడని రాసి పంపేశారంట.”

“మరి నేనేడ ఉండాల బాబాయ్?”

“గడప బైట. చూసేవాళ్లొచ్చినప్పుడు లోపలికి పోయి పుస్తకం పట్టుకో. ఊపిరి మాత్రం కాస్త నిదానంగా తీసుకో.”

చూసేవాళ్లు వచ్చారు. విజయవాడ ఇంజనీర్లు వచ్చారు, ఢిల్లీ ఆచార్యులు వచ్చారు, ఎత్తిపోతల జలపాతం చూడబోతూ దారిలో ఇద్దరు జర్మన్లూ వచ్చారు. “చానా హాయిగా ఉంది సార్” అని సాయి అందరికీ వల్లించి, అయిదూ ఇరవై బస్సుకి ఈపూరు వెళ్లిపోయేవాడు.

పరీక్షలు పక్షం రోజుల్లోకి వచ్చాయి. సాయి ధైర్యం కూడగట్టుకుని జానకిరామయ్యగారి గదికి వెళ్లాడు.

“సార్, పరీక్షలయ్యిందాకా ఇక్కడే పడుకుంటా సార్.”

జానకిరామయ్యగారు కళ్లజోడు తీసి, ఆ అజ్ఞానాన్ని పెద్ద మనసుతో క్షమించారు.

“డిజైన్ చూశావా నాయనా? ఫేజ్ వన్‌లో గాలీ, వెలుతురూ. నిద్ర ఫేజ్ టూలో ఉంది.”

“స్నానం సార్?”

“త్రీ. నిధులు రావాలి.”

ఆ వారమే హరిత భవనాల జాతీయ పురస్కార సంఘం వచ్చింది. వాళ్ల ముందు నిజం చెప్పేస్తే సిగ్గుపడైనా గది ఇస్తారని సాయి నిశ్చయించుకున్నాడు. సంఘం అధ్యక్షురాలు శేషారత్నంగారు కలం తెరిచి అడిగారు.

“రాత్రిళ్లు ఎలా ఉంటుంది బాబూ?”

“నాకు తెలవదు మేడం. ఒక్క రాత్రి కూడా పడుకోనియ్యలా. రోజూ బస్సెక్కి మా ఊరు పోతా.”

జానకిరామయ్యగారి ముఖానికి సున్నం కొట్టినట్టయింది. కాలేషా కిటికీ వంక తిరిగి నిలబడ్డాడు. శేషారత్నంగారి కలం ఆగింది.

“అయితే రాత్రి కరెంటు వాడకం?”

“సున్నా మేడం.”

“నీళ్లు?”

“సున్నా.”

“చెత్త?”

“పచ్చడి జాడీ కూడా బైటే పెట్టించారు మేడం!”

ఆమె కళ్లు చెమర్చాయి. “ఇలాంటి భవనం కోసం ఇరవై ఏళ్లుగా దేశమంతా తిరుగుతున్నాను” అన్నారు.

పురస్కారం వచ్చింది, అందులోనూ అత్యున్నత శ్రేణిది. అభినందన సభలో అమాత్యవర్యులు, మిగిలిన రెండు వందల ముప్పై తొమ్మిది గదులనూ సాయి పద్ధతిలోనే నడపనున్నామనీ, కనుక వాటిని కట్టవలసిన అగత్యం లేదనీ ప్రకటించారు. అంతమంది విద్యార్థులకు అక్కడికక్కడే గది నెంబర్లు కేటాయించారు. చప్పట్ల నడుమ సాయికి శాలువా కప్పి, ‘ఆదర్శ నివాసి’ పత్రం చేతికిచ్చారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడింది.

సోమవారం సాయి నరసరావుపేట డిపోకి పోయి, స్టూడెంట్ బస్ పాస్ రెన్యువల్‌కి దరఖాస్తు ఇచ్చాడు. కౌంటర్లోని గుమాస్తా దరఖాస్తునీ, అతన్నీ మార్చి మార్చి చూసి, మొహం నిండా నవ్వాడు.

“పేపర్లో పడింది నువ్వేగా అబ్బాయ్! హాస్టల్లో ఉండేవాళ్లకి పాస్ ఇయ్యం.”