త్రీనాట్‌త్రీ ముందు చెక్క

ఆ ఆదివారం పొద్దున లాక్లన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చెక్కకు చివరిసారి అవిసె నూనె పట్టించాలి, కాస్త ఆరాక రైఫిల్‌కు బిగించాలి, మధ్యాహ్నం పుట్టినరోజు భోజనానికి వచ్చే తండ్రి చేతిలో పెట్టాలి. అంతే. అంతే అనుకున్న పనులు తననెప్పుడూ ఎక్కడికి తీసుకెళ్తాయో యాభై దాటినా అతనికి తెలిసిరాలేదు.

ఆ త్రీనాట్‌త్రీ రైఫిల్ తండ్రి ఈవెన్‌దే. యుద్ధం అయిపోయాక న్యూజిలాండ్ సైన్యం వదిలించుకున్న రైఫిళ్లలో అదొకటి. కొన్న వారంలోనే ఈవెన్ అందరిలాగే దాని గొట్టం కింద పొడుగునా ఉండే ముందు చెక్కను రంపంతో సగానికి కోసేశాడు. జింకల కోసం రోజంతా కొండలెక్కేవాడికి సైన్యం ముచ్చట్లు ఎందుకు, బరువు తగ్గితే చాలు. గొట్టం జోలికి పోలేదు, అదొక్కటే అదృష్టం.

దాన్ని మళ్లీ సైన్యంలో ఉన్నప్పటిలా చేయాలని లాక్లన్ మూడేళ్లుగా తిరుగుతున్నాడు. తాముండే సౌత్‌ల్యాండ్ ప్రాంతంలో ముసలివాళ్ల షెడ్లన్నీ గాలించి ఇనుప పట్టీలు, మరలు పోగేశాడు. ముందు చెక్క మాత్రం దొరకలేదు. చివరికి ఇంగ్లండులో ఏదో పాత గోదాములోంచి ఓడ మీద తెప్పించాడు. భార్య నోలీన్ అతను రైఫిల్ మాటెత్తగానే తలెత్తకుండా "ఊఁ" అనడం ఈలోగా బాగా నేర్చుకుంది.

ఇదంతా దేనికంటే, ఒక్క మాట కోసం. ఈవెన్ మెచ్చుకోలు పరాకాష్ఠకు చేరితే "పర్లేదు" అంటాడు. ఆ మాట ఆయన నోట వినబడింది ఒక్కసారే, అదీ గొర్రెలు కాసే కుక్క గురించి. లాక్లన్ పెళ్లి రోజున గానీ, పొలం కొన్నప్పుడు గానీ అనలేదు. లాక్లన్ ఈ సంగతి పైకి నవ్వుతూనే చెబుతాడు గానీ, అతనికి ఇప్పటికీ బాధే.

నూనె పట్టించడం అయ్యాక చెక్కను షెడ్డులో బల్ల మీద పెట్టి, తుడిచిన గుడ్డల్ని విడివిడిగా బట్టల తీగ మీద ఆరేశాడు. అవిసె నూనె గుడ్డల్ని కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఈ పని చేసే ప్రతివాడికీ ఇది తెలుసు. వాడి భార్యకు కూడా తెలియాలని ఎవరూ అనుకోరు.

చుట్టాలొచ్చే వేళకు తీగ మీద ఆ జిడ్డు పీలికలేమిటని నోలీన్ వాటిని తీసి, ఉండచుట్టి, అట్టపెట్టెలో కుక్కి, షెడ్డులో అదే బల్ల కింద పెట్టి వచ్చింది. పనిలో సాయం చేశానన్న తృప్తితో చీజ్ రోల్స్ చుట్టడానికి కూర్చుంది. కాసేపటికి లాక్లన్ వచ్చి చూస్తే తీగ ఖాళీ. పక్కింటివాళ్ల కుక్కే లాక్కెళ్లిందని తేల్చుకుని గొడవకు బయల్దేరాడు. కుక్క అమాయకురాలని వాళ్లు సాక్ష్యాలతో సహా వివరిస్తుండగా, అతని షెడ్డులోంచి పొగ లేచింది.

ఊళ్లో సైరన్ మోగింది. అగ్నిమాపక దళమంటే ఊళ్లోవాళ్లే, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు. దళపతి నోలీన్ తమ్ముడు డెస్మండ్, అసలు అతను కూడా భోజనానికి రావాల్సినవాడే. నీళ్ల గొట్టం విప్పుతూ అడిగాడు, "బావా, లోపల ఎవరన్నా ఉన్నారా?"

"నాన్న రైఫిలుంది లోపల," అన్నాడు లాక్లన్ ఏడుపు గొంతుతో.

ఆ మాటకు దళం మొత్తం గొట్టం వదిలేసి బండి చాటుకు వెళ్లిపోయింది. "తూటాలు కూడా ఉన్నాయా?" అని డెస్మండ్ అక్కణ్నుంచే అడిగాడు.

"తూటాల్లేవు. అసలు రైఫిలు కూడా లేదు, అది ఇంట్లో బీరువాలో ఉంది. లోపలుంది దాని ముందు చెక్క."

"ఒక మాట మీద ఉండు బావా. మాకూ పిల్లలున్నారు."

ఒక మాట మీదికి వచ్చేలోపు బల్ల సగం కాలింది. నీళ్లు కొట్టాక బయటికి తీస్తే చెక్కలో మూరెడు మాత్రం మిగిలింది. సరిగ్గా అప్పుడే ఈవెన్ ట్రక్కు దిగి, టోపీ సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఇక దాచడానికి లాక్లన్‌కు ఓపిక లేదు. ఓడ సంగతితో సహా అంతా చెప్పేశాడు.

కాలగా మిగిలిన ముక్కను ఈవెన్ బూటుతో తిప్పి చూశాడు. "నన్నడిగితే పోయేది కదరా. కోసిన ముక్క నా దగ్గరే ఉంది."

"ఎక్కడ?"

"మా వంటింటి కిటికీ కింద. పైకెత్తిన కిటికీ పడిపోకుండా చిన్నప్పుడు రోజూ పెట్టేవాడివి నువ్వేగా."

లాక్లన్ భోజనం అక్కడే వదిలేసి తండ్రి ఇంటికి పరిగెత్తాడు. నిజమే. పొడుగునా గాడి, ఒక పక్క సైన్యం ముద్ర. దాన్ని ఏదో పాత తూము ముక్క అనుకుని తన చేత్తోనే ఎన్నేళ్లు పెట్టాడో. ఆత్రంగా లాగాడు. కిటికీ ధడేలున పడి అద్దం పగిలింది. వెనకే ట్రక్కులో వచ్చిన ఈవెన్ చీపురు తెచ్చి కొడుకు చేతికిచ్చాడు.

చలికాలమంతా కూర్చుని ఆ ముక్కను పాత చెక్కకు అతికాడు. అతుకు ఇనుప పట్టీ కిందికి పోయింది, వెతికినా కనబడదు. తండ్రి ఇంటి కిటికీకి కొత్త అద్దం కూడా తనే వేయించాడు. కాలగా మిగిలిన ఇంగ్లండు చెక్కను కోసి, నున్నగా చేసి, కిటికీ కిందికి సరిపోయేలా తయారుచేశాడు. రెండూ పట్టుకుని ఒక పొద్దున తండ్రి దగ్గరికి వెళ్లాడు. అక్కడికి చేరేసరికే అలసిపోయాడు.

ఈవెన్ రైఫిల్ అందుకుని రెండు చేతులతో తూచి చూశాడు. "మళ్లీ బరువెక్కింది," అని కొడుకు చేతిలోనే పెట్టేశాడు. తర్వాత కిటికీ పైకెత్తి, కింద చెక్క నిలబెట్టి, వదిలి చూశాడు. కదల్లేదు. దాని మీద బొటనవేలు రాస్తూ అడిగాడు.

"ఇది నువ్వే చేశావా?"

"అవును నాన్నా."

"పర్లేదు."

లాక్లన్ రైఫిల్ పట్టుకున్న చేతులతో కళ్లు తుడుచుకోవడం కుదరక అలాగే నిలబడ్డాడు.

ఆ ఇంట్లో ఆ మాట దక్కినవి ఇప్పటికి రెండే, ఒకటి కుక్క, రెండోది కిటికీ చెక్క.