ఆవిడకు ఆవు పాలసీ

పుంగనూరులో నరేంద్ర అంటే ఎవరికీ తెలియదు. ఆవుల ఇన్సూరెన్స్ నరేంద్ర అంటే ఆవులు కూడా తలెత్తి చూస్తాయి. సదుం నుంచి పలమనేరు దాకా నేను చెవికి బీమా బిళ్ల వేయని పాడి ఆవు లేదు. ఇంతటి మేధావి ఇంట్లో ఉండగా, మా ఆవిడ సంగీత ఇన్సూరెన్స్ గురించి నన్నొక్క మాట అడగలేదు. అదే నాకు మండింది.

సంగీత మదనపల్లెలో నర్సు. రెండేళ్లు జర్మన్ భాష నేర్చుకుని జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం బెంగళూరులో వీసా ఇంటర్వ్యూ. జీతం ఎంతో చెప్పగానే మురిసిపోయాను. అందులో ఆరోగ్య బీమాకు కోత ఎంతో చెప్పగానే గుండె పట్టుకున్నాను.

"నెలనెలా ఇంత కోస్తారా? జబ్బు పడకపోయినా?"

"ఆడ జర్మనీలో ఉద్యోగం సేసేవాళ్లకు అది తప్పదప్పా. సగం ఆసుపత్రోళ్లే కడతారు."

"మిగతా సగం మనదేగదా! నీకేం తెలుసు ఇన్సూరెన్స్ సంగతి? నాకు వదిలెయ్."

"నీకు వదిలితే నా చెవికీ బిళ్ల వేస్తావు. గమ్మునుండు."

గమ్మునుండడం మా వంశంలో లేదు. కుప్పం పోయి ఏజెంటు కుప్పుస్వామిని పట్టుకున్నాను. ఊళ్లో అతన్ని 'క్లెయిమ్ రాని కుప్పుస్వామి' అంటారు. ఆ పేరు తెలిసీ వెళ్లానంటే నా తెలివి మీరే ఊహించుకోండి.

"ఇదో సూడన్నా, సగం రేటుకే ఫారిన్ పాలసీ. మనిషి పోతే లక్షలకు లక్షలు!"

మా వృత్తిలో అదొక్కటే కొలత. ఆవు మూలిగితే పైసా రాదు, చస్తేనే పైకం. కళ్లు మూసుకుని సంగీత పేరున కొనేశాను. ఆ ఊపులోనే ఇంటికొచ్చి ఆవిడ ఫోన్‌ నుంచి జర్మనీ ఆసుపత్రికి మెయిల్ కొట్టాను: 'నాకు సొంత పాలసీ ఉంది. మీ కోత నాకు వద్దు.' ఇంగ్లీషు కూడా నాదే.

శుక్రవారం జవాబొచ్చింది. షరతులు నచ్చకపోతే ఉద్యోగం వేరొకరికి ఇస్తామని. దాని కిందే నేను కొట్టిన మెయిలూ ఉంది. సంగీత ముఖం పాలిపోయింది. డ్యూటీ చేసి వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా ఆ భాష బట్టీ పట్టిన మనిషి. నేను పెట్టిన చిచ్చు ఇంత పెద్దదా అని నాకు నిజంగానే భయమేసింది.

"యాడ నీ పాలసీ? ఇట్లియ్యి."

చదివింది. బ్యాగు పోతే డబ్బు, విమానం తప్పితే డబ్బు, శవాన్ని ఊరికి తేవాలంటే మరీ డబ్బు. ఉద్యోగానికి పోయినవాళ్లకు జ్వరమొస్తే మాత్రం ఏమీ లేదు.

"అంటే ఆడ నాకు జరమొస్తే ఓర్సుకోవల్ల. సస్తే నీకు లాభం. అంతేనా?"

"శవానికి టికెట్టు కూడా ఫ్రీ..." నోరు జారింది.

"ఆవు బతుకే నయం. దానికి డాక్టరన్నా ఇంటికొస్తాడు."

జర్మనీకి ఫోన్ కొట్టి గడగడా మాట్లాడింది. మధ్యలో నా పేరు రెండుసార్లు వినబడింది. తర్వాత అటువైపు నుంచి పెద్ద నవ్వు.

"ఏం సెప్పినావు?"

"మెయిల్ పెట్టింది నేను కాదు, మా ఆయన, ఆయన పశువుల ఇన్సూరెన్స్ ఏజెంటు అని సెప్పినా. ఇంకేమీ అడగలేదు."

ఉద్యోగం నిలబడింది. నాకు మాత్రం నిలబడే మొహం లేదు.

"ఇంగొకటి. నువ్వు ఆడికొస్తే నా ఇన్సూరెన్స్‌లోనే నీకూ ఫ్రీగా వైద్యం ఉండాది. ముందే కనుక్కోని పెట్టినా. కాకపోతే నీకు సంపాదన లేదని రాసియ్యల్ల."

"సంపాదన లేదా? నాకా? ఇంత పేరున్న ఏజెంటుకా?"

"అయితే నీది నువ్వే కట్టుకో. జర్మనీ రేటు."

పెన్ను తీసుకున్నాను. మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను.

"నిజం రాసేదానికి యాల అంత ఆలోచన సేస్తాండావు?"

సంతకం పెట్టాను. సాక్షి సంతకం కూడా కావాలంది సంగీత. వంటింట్లో అంతా వింటున్న మా అమ్మ పార్వతమ్మ పరుగున వచ్చింది. చదవకుండానే పెట్టేసింది.