సీరకట్టి తెస్తన్నాను

ఆదివారం పొద్దున్న దాలయ్య వేసుకున్న ప్లాను చాలా సులువైనది. నెల్లిమర్లలో ఏడింటికి స్కూటరెక్కాలి. పదకొండుకల్లా కళింగపట్నం చేరాలి. ఊరి మొదట్లో ఏ టీ కొట్టు వెనకో స్కూటర్ని దాచి, మరదలి ఇంటికి నడిచి వెళ్ళాలి. అక్కడున్న తన భార్య గౌరి చేతిలో తెచ్చిన కానుకలు ఒక్కొక్కటీ పెట్టాలి. ఆమె నవ్వాక, బాగా నవ్వాక, అసలు సంగతి చెప్పాలి. అసలు సంగతేమిటంటే, ఆ స్కూటర్ని అతను అమ్మలేదు.

గౌరి అలిగి చెల్లెలు కుమారి ఇంటికి వెళ్ళి ముప్పై నాలుగు రోజులైంది. జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు మగ్గాలు బాగుచేసి రిటైరైన మనిషికి చేతులు ఊరుకోవు కదా. పెళ్ళినాటి స్కూటర్ని దాలయ్య ఆరు నెలల క్రితం వరండాలో విప్పాడు. విప్పడం తేలిగ్గానే అయింది. ఒకరోజు కార్బురేటరు ముక్కల్ని పెట్రోలుతో కడిగి, కలిసిపోకుండా ఉంటాయని ఇడ్లీ పళ్ళెం గుంటల్లో ఆరబెట్టాడు. మర్నాడు ఇడ్లీలు పెట్రోలు కంపు కొట్టాయి. గౌరి తింటున్న ఇడ్లీలో బుల్లి స్ప్రింగొకటి వచ్చింది. "హమ్మయ్య, దొరికిందే!" అని దాలయ్య మురిసిపోయాడు. ఆ మురిపెం చూసే గౌరి సంచి సర్దుకుంది.

"ఇంట్లో ఆ బండైనా ఉండాల, నానైనా ఉండాల" అని గడప దాటింది.

ఆమె వెళ్ళాక దాలయ్యకి బెంగ పట్టుకుంది. పొద్దున్నే అలవాటుగా రెండు గ్లాసుల్లో టీ పోసేవాడు. రెండోది చల్లారేదాకా చూసి, అది కూడా తనే తాగేవాడు. ఇల్లంతా నిశ్శబ్దం. తిట్టే మనిషి లేకపోతే ఇల్లు ఇంత పెద్దదైపోతుందని అతనికి అరవై ఏళ్ళొచ్చేదాకా తెలీదు. ఆఖరికి ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకెళ్ళి మెకానిక్ ఉమాశంకర్‌కి అప్పగించి, ఆ సాయంత్రమే గౌరికి ఫోను చేశాడు.

"బండి ఏటి సేసేవు?" అంది గౌరి.

"ఇచ్చేసేను."

"ఇచ్చేసేవా?" అంది. ఆమె గొంతు మారింది. సంతోషం వల్ల మారిందనుకున్నాడు దాలయ్య. 'మెకానిక్కి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి లోపలికి పోయింది. "ఆదివారం నిన్ను తీసుకెళ్ళిపోడానికి వస్తన్నాను" అన్నాడు. "రా" అని పెట్టేసింది.

అందుకే ఇన్ని కానుకలు. ఒక గంధం సబ్బు, ఒక అట్ట తలపిన్నులు, ఒక ఎర్రంచు పొందూరు చీర. అబద్ధం ఒకటే అయినా మూడింటి కింద కప్పిపెడితే కనబడదని అతని లెక్క.

చీపురుపల్లి దాటాక కాలిమీద చల్లగా తగిలింది. చూస్తే టాంకీ అతుకు దగ్గర పెట్రోలు బొట్లుబొట్లుగా కారుతోంది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పాత స్కూటరున్న వాళ్ళందరికీ తెలుసు. సబ్బు పులమాలి. పెట్రోలుకి సబ్బు కరగదు. దగ్గర్లో కొట్టు లేదు, రోడ్డు పక్కన ముంజెలమ్మే ముసలామె తప్ప మనిషి లేడు. దాలయ్య కళ్ళు మూసుకుని గంధం సబ్బు కాగితం చింపాడు.

"బండికి తానం సేయిస్తన్నావేటి నాయనా?" అంది ముసలామె.

"నేదమ్మా. టాంకీ కారతన్నాది, మూస్తన్నాను."

"గందం సబ్బుతోటే! మా ముసిలోడు బతికున్నన్నాళ్ళూ నాకు బట్టల సబ్బే ఇచ్చేడు." ఆమె స్కూటర్ని ఎగాదిగా చూసింది. "బండికే ఇలగ సేత్తే పెళ్ళాన్నెలగ సూస్తావో! అదురుష్టవంతురాలు."

దాలయ్య సబ్బు చేతులు తుడుచుకుని కిక్కు కొట్టాడు.

కారడం ఆగింది కానీ, సబ్బు పలుకొకటి పగుల్లోంచి టాంకీలోకి జారింది. దాన్ని ఆపాల్సిన జాలీ ఇడ్లీ పళ్ళేల రోజుల్లోనే ఎక్కడో పోయింది. ఆ పలుకు తీరిగ్గా ప్రయాణం చేసి, శ్రీకాకుళం దాటి గార వైపు తిరిగాక, కార్బురేటరులో పెట్రోలు వెళ్ళే సన్నటి బెజ్జంలో కూర్చుంది. స్కూటరు దగ్గి, మూలిగి, ఆగింది. దాలయ్య తలపిన్నుల అట్ట విప్పాడు. మొదటి పిన్ను వంగింది. రెండోది బెజ్జంలోకి దూరి, గంధం వాసనతో సహా అక్కడే విరిగిపోయింది. ఎండ మాడు పగలగొడుతోంది. టైము పన్నెండున్నర. గౌరి గుమ్మంలో నిలబడి ఉంటుందా, విసుగొచ్చి లోపలికి వెళ్ళిపోయి ఉంటుందా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఇక తప్పక తోడల్లుడికి ఫోను చేశాడు. కుమారి మొగుడు అప్పలసూరి శ్రీకాకుళంలో చేపలు దింపేసి వ్యాను వేసుకుని తిరిగి వస్తున్నాడు. వచ్చాడు కానీ, వ్యాను నిండా ఖాళీ పెట్టెలు. స్కూటరెక్కించడానికి చోటు లేదు.

"లాక్కెళ్ళిపోదాం అన్నా. తాడే నేదు. ఆ సంచిలో ఏటి?"

"అది మీ వదినకి కొన్న సీరరా!"

"ఇప్పుడు నీకు వదిన కావాలా, వదిన సీర కావాలా?"

ఆ ప్రశ్నకి ఒకటే జవాబుంది. పొందూరు చీరని నాలుగు మడతలు పెట్టి, మెలిపెట్టి, ఒక కొస వ్యానుకీ ఒక కొస స్కూటరుకీ కట్టారు. బయల్దేరే ముందు అప్పలసూరి ఇంటికి ఫోను చేశాడు. కుమారి సముద్రం ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. అక్కడి గాలికి ఫోనులో రెండు మాటలకొకటి ఎగిరిపోతుంది.

"బావ బండి పాణం పోనాది. సీరకట్టి తెస్తన్నాను. అక్కకి సెప్పు!" అని అరిచాడు అప్పలసూరి.

'బండి' అన్న మాటని గాలి పట్టుకుపోయింది. మిగతావన్నీ భద్రంగా చేరాయి.

వ్యాను కళింగపట్నం మొదట్లోకి వచ్చేసరికి వీధి వీధంతా రోడ్డు మీదుంది. ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు. అప్పలసూరి బ్రేకు వేసి బిత్తరపోయాడు. "ఏటయ్యింది? ఎవలు పోనారు?"

"బావ పోనాడని నువ్వే సెప్పేవు కదా!" అంది కుమారి ఏడుస్తూ.

"నానా? బండి పోనాదన్నాను!"

ఈలోగా గౌరి చెప్పుల్లేకుండా, సిగ ఊడిపోతుంటే పట్టుకుంటూ, వ్యాను వెనక్కి పరిగెత్తింది. అక్కడ దాలయ్య మసి చేతులతో హ్యాండిలు పట్టుకుని, ఎవరో పెద్దవాళ్ళు పోయినట్టున్నారని మొహం జాలిగా పెట్టుకుని ఉన్నాడు.

"ఎవలు పోనారే గౌరీ?"

గౌరి ఇసకలో కూలబడింది. మరుక్షణం లేచి అతని భుజం మీద నాలుగు గుద్దులు గుద్దింది. అప్పుడు చూసింది స్కూటర్ని.

"ఇచ్చేసేనన్నావు!"

"ఇచ్చేసేను. మెకానిక్కి."

"ఆ ముక్క ఆ రోజే సెప్పలేవా? ఐదు రోజులై ఏడుస్తన్నాను మావా. పెళ్ళైన కాణ్ణించి నువ్వు నాతో మాటాడింది ఈ బండి మీదే. ఇంట్లో నీకు నోరే నేదు. ఇదమ్మేస్తే ఇంక నాతో ఎక్కడ మాటాడతావని..." ఆమె స్కూటరు సీటు మీద చెయ్యి వేసింది. "ఈ నెల్లాళ్ళూ రోడ్డు మీద ఏ స్కూటరు సప్పుడైనా గుమ్మంలోకి ఒచ్చేసేను."

"మరి బండో నువ్వో అన్నావు?"

"ముక్కలు ఒద్దన్నాను. బండి ఒద్దన్నానా?"

గౌరి కొంగుతో మొహం తుడుచుకుని గాలి పీల్చింది. "బండి గందం వాసనొస్తన్నాదేటి?"

"ఆ సబ్బు నీకే తెచ్చేను."

"ఈ ఇరిగిన పిన్నులు?"

"అవీ నీకే."

ఆమె కళ్ళు మెలితిరిగిన ఎర్రంచు మీదికి వెళ్ళాయి. దాలయ్య తల వంచుకుని "అదీను" అన్నాడు. గౌరి నవ్వింది. బాగా నవ్వింది. కానీ అప్పటికి చెప్పాల్సిన అసలు సంగతేదీ మిగల్లేదు.

బెజ్జంలో పిన్ను విరిగిందని విన్నాక ఆమె సిగలోంచి పాత పిన్ను తీసింది. ఏళ్ళ తరబడి వాడి వాడి దాని కొన అరిగి దారంలా సన్నబడింది. బెజ్జానికి అవతలివైపు నుంచి పొడిస్తే విరిగిన ముక్క, సబ్బు పలుకుతో సహా, టక్కున బయటికొచ్చింది. దాలయ్య స్కూటర్ని అలవాటుగా ఎడమపక్కకి వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టాడు. మూడో కిక్కుకి అంటుకుంది. శోకాలు పెట్టడానికి వచ్చిన వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్న గౌరి ఆ పొందూరు చీరే, మసి మరకలు కుచ్చిళ్ళలోకి మడిచి కట్టుకుని వెనక సీటు మీద కూర్చుంది. నెల్లిమర్ల చేరేలోగా స్కూటరు నాలుగుసార్లు ఆగింది. అందులో చెడిపోయి ఆగింది ఒక్కసారే.