లిఫ్టులో ఒక ఇంగ్లీషు వాక్యం

ఆ రోజు గుమాస్తాగారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా నాలుగో అంతస్తుకి చేరాలి, తన జేబులో ఉన్న తాళంచెవితో మీటింగు గది తెరవాలి, మేడమ్ కంట్లో పడాలి. సెక్షను హెడ్డు ఎవరో ఆవిడ ఇవాళే తేల్చేస్తుంది. ఆ కుర్చీ మీద ఆయన ఆశ ఈనాటిది కాదు. అందుకే చొక్కా నలగకూడదని మెట్లు మానేసి లిఫ్టెక్కాడు. అది మూడుకీ నాలుక్కీ మధ్య ఒక్క కుదుపు కుదిపి, హాయిగా ఆగిపోయింది.

గంట నొక్కితే మోగలేదు. తలుపు బాదితే చెయ్యి నొప్పెట్టింది. ఆ ఇనప పెట్టెలోంచి ఫోను కలవడం లేదు, మెసేజీలు మాత్రం పోతున్నాయి. మేడమ్‌కి ఏది పంపినా ఇంగ్లీషులోనే పంపాలి. "ఐయామ్ స్టక్ ఇన్ ద లిఫ్ట్" అని కొట్టాడు గానీ వేలు ఆగిపోయింది. ఆవిడ అత్తగారు పోయినప్పుడు "మెనీ హ్యాపీ రిటర్న్స్" అని పంపిన ఘనుడు మరి! ఆనాటి నుంచి ఆయన ఇంగ్లీషు ఏదైనా సరే, ముందు భార్య చూడాలి. ఇంట్లో అదే చట్టం. వాక్యం భార్యకి పంపాడు.

"తప్పేం లేనట్టుంది. ఎందుకైనా మంచిది, తమ్ముణ్ణి అడుగుతా" అని జవాబొచ్చింది.

"అడగడం కాదే! నిజంగానే ఇరుక్కున్నా!"

"తెలుగులో కాదు, ఇంగ్లీషులో రాయండి. ఎప్పుడూ ఇలాగే తప్పించుకుంటారు."

ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే బావమరిది రంగంలోకి దిగాడు. "వాక్యం కరెక్టే బావా. కానీ మరీ పొడిగా ఉంది. కాస్త మర్యాద కలుపుదాం."

రిటైరైన హెడ్‌క్లర్కు మామగారు ఊరుకుంటారా? "నేను అని మొదలెడితే పొగరనుకుంటారు అల్లుడుగారూ! ముందు మేడమ్‌గారి దయ గురించి రాయండి."

"లిఫ్టు పాడైందని రాస్తే ఆఫీసు పరువేం కాను? ఆ ముక్క తీసెయ్యండి" అన్నారు అత్తగారు.

చివరికి భార్య నుంచి పక్కా వాక్యం వచ్చింది. అందులో మేడమ్ దయ ఉంది, ఆఫీసు కీర్తి ఉంది, గుమాస్తాగారి కృతజ్ఞత ఉంది. లిఫ్టు మాత్రం లేదు. చెమటతో కళ్లు మండుతున్న ఆ మనిషి చదవకుండానే మేడమ్‌కి తోసేశాడు.

పైన మూసిన గది ముందు జనమంతా నిలబడే ఉన్నారు. తాళం పగలగొట్టడానికి సుత్తి తెమ్మంటే, వాచ్‌మన్ లిఫ్టు కోసం మీట నొక్కి నొక్కి, అది రాకపోయేసరికి సంగతి కనిపెట్టాడు. తలుపు తెరిచి లాగేసరికి గుమాస్తాగారు తడిసి ముద్దైపోయి ఉన్నాడు. ఎదురుగా ఫోను పట్టుకుని మేడమ్. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు పాపం.

"ఇంత చక్కటి ఇంగ్లీషు ఎక్కడ దాచారండీ ఇన్నాళ్లూ!" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "అంత కష్టంలో ఉండి కూడా నా గురించే రాశారా? ఇంకెవరో ఎందుకు, హెడ్డు మీరే. ముందు ఆ లిఫ్టు కంపెనీవాళ్లని ఇంగ్లీషులో గట్టిగా కడిగెయ్యండి."

కొత్త హెడ్డుగారు నాలుగు ఘాటైన వాక్యాలు రాసి, చట్టం ప్రకారం ముందు ఇంటికి పంపించాడు.

తమ లిఫ్టుని అంతగా మెచ్చుకున్నందుకు కంపెనీవాళ్లు మర్నాడు కృతజ్ఞతలు తెలిపారు.