సూది పాసయింది

కుట్టుమిషన్‌కి చావు లేదు. ఉన్న చావంతా సూదికే. ఈ సంగతి ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు గానీ, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఇంటి వరకూ అమల్లోకి వచ్చీసింది.

మిషన్ మా ఆవిడ సత్యవాణిది. వాళ్ల అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట (లగేజీ బుక్ చెయ్యలేదు కాబట్టి, శాఖాపరంగా ఆ మిషన్ ఇప్పటికీ ఖరగ్‌పూర్ చేరనట్టే). చేత్తో చక్రం తిప్పాలి. ఏటా మా పేట అమ్మవారి పండక్కి అమ్మవారి రవిక దాని మీదే కుట్టడం ఆనవాయితీ. ఊరేగింపు బయల్దేరే ముందు మైకులో "రవిక సమర్పణ, సత్యవాణి గారు" అని చదువుతారు. ఏడాది పొడుగునా మా ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క ముక్క కోసమే. ఈ ఏడు పండగ దగ్గర పడ్డాక సూది విరిగింది.

నేను రైల్వే వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినాను. నా స్టాంపు పడందే బోల్టు కూడా గేటు దాటేది కాదు. అంచేత వెంటనే గృహ సూది సేకరణ సంఘం ఏర్పాటు చేసినాను. అధ్యక్షుడు నేను, కార్యదర్శి నేను. సత్యవాణిని వినియోగదారుగా నమోదు చేసుకున్నాం (వినియోగదారుకి ఓటు లేదు).

మలంచా బజార్లో మిషన్లు బాగుచేసే బెంగాలీ దాదా విరిగిన ముక్కని చూసి దణ్ణం పెట్టినాడు. ఇప్పటి సూదులకి తల ఒక పక్క చదునుగా ఉంటుంది, దీనికి చుట్టూ గుండ్రమే. ఇలాంటివి చెయ్యడం ఎప్పుడు మానేసినారో ఆయనకీ గుర్తులేదు. మిషన్ అమ్మేస్తే కెఫే వాళ్లు అలంకారానికి కొనుక్కుంటారని సలహా ఇచ్చినాడు. ఫోన్లో యాప్ తెరిచి వెతికితే ముందు ఇంజెక్షన్ సూదులు చూపించింది, తర్వాత గ్రామఫోను సూదులు, చివరికి ఓ విదేశీ ప్యాకెట్టు. దాని ధరకి కొత్త మిషనే వస్తుంది, సూదులతో సహా. అధ్యక్షుడు ఆ ధర చూసి మంచినీళ్లు తాగినాడు. కార్యదర్శి ఫోను ఆపేసినాడు.

ఆఖరికి పూరీ గేట్ దగ్గరుండే ఏంజెలా టీచర్ ఇంట్లో దొరికింది. ఆవిడ మిషన్ ఎప్పుడో తుక్కు కింద పోయింది, సూది మాత్రం గుండుసూదుల దిండుకి గుచ్చుకుని ఉండిపోయింది. ఒక్కటే. డబ్బులిస్తానంటే కసిరింది. అమ్మవారి రవిక కోసం కాబట్టి ఇస్తున్నానని, భద్రమని మరీ మరీ చెప్పింది.

సత్యవాణి ఆ సూదిని కళ్లకద్దుకుని, బల్ల మీద పెట్టి, దారం తేవడానికి లోపలికెళ్లింది.

ఇక్కడ ఒక నియమం మనవి చెయ్యాలి. ఏ సరుకు లాటు వచ్చినా అందులోంచి ఒకటి తీసి, విరిగేదాకా వంచి చూడాలి. అది ఎంతకి విరిగిందో చూసుకుని మిగతా లాటుని పాస్ చెయ్యాలి. ఉద్యోగమంతా నేను చేసింది ఇదే. చెయ్యి దానంతటదే పట్టకారు అందుకుంది. సూది చాలాసేపు లొంగలేదు. మంచి ఉక్కు. తర్వాత టప్పుమంది.

"పాస్," అన్నాను పైకే. మిగతా లాటు కోసం బల్లంతా వెతికినాను (మిగతా లాటు లేదు).

సత్యవాణి దారం కండెతో గుమ్మంలో ఆగిపోయింది. అరుస్తాదనుకున్నాను. అరవలేదు.

"సూది బాగుందేటి?" అనడిగింది.

"చాలా బాగుంది," అన్నాను. తనిఖీలో అబద్ధం చెప్పకూడదు.

ఆవిడ మిషన్ మీద మూత పెట్టేసి, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. సంఘాన్ని అప్పటికప్పుడు రద్దు చేసినాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఈ ఏడు రవిక మా వీధి చివరి లక్ష్మీకాంతం గారి కరెంటు మిషన్ మీద కుట్టినారు. మైకులో లక్ష్మీకాంతం గారి పేరే చదివినారు. సత్యవాణి జనంలో నిలబడి, తల దించుకుని వింది.

ఆ వెంటనే మైకులో నా పేరు కూడా వినబడింది. ఊరేగింపు దారి పొడుగునా కొబ్బరికాయలు కొట్టే డ్యూటీ నాదట. కమిటీ పెద్ద నూకయ్యని పక్కకి పిలిచి, ఇంతమంది కుర్రాళ్లుండగా నేనెందుకయ్యా అని అడిగినాను.

"పగలగొట్టే పన్లో మీ అంత అనుభవం పేటలో ఇంకెవరికీ లేదంట కదా బావా," అన్నాడు నూకయ్య. "సత్యవాణమ్మే మీ పేరు సెప్పింది."