పెద్దలకు రాని మెడజబ్బు

వైద్యం ఎంత పురోగమించిందంటే, ఏ జబ్బు ఎవరికి రావాలో ముందే నిర్ణయించి కంప్యూటర్లో పెట్టేశారు. ఇక రోగులు ఆ ప్రకారం నడుచుకోవడమే మిగిలింది. నలభై ఆరేళ్ల బస్సు డ్రైవరు ఒకాయన నడుచుకోలేదు.

డిపోలో బండిని రివర్సు చేస్తూ ఆయన ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. బస్సు సవ్యంగానే వెనక్కి వెళ్లింది. తల మాత్రం మళ్లీ ముందుకు రాలేదు. (మేనేజరు పరుగున వచ్చి, బస్సుకు గీత కూడా పడలేదని చూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.)

ఆసుపత్రిలో చీటీలు రాసే గుమస్తా ఆయన్ని కెమెరా వైపు తిన్నగా చూడమన్నాడు. అది కుదరకే వచ్చానని డ్రైవరు చెప్పుకున్నాడు. ముఖం పడందే చీటీ రాదని గుమస్తా ఓపిగ్గా వివరించాడు. చివరికి డ్రైవరు భార్యే ఆయన్ని భుజాలు పట్టుకుని, ముఖం కెమెరాకు ఎదురొచ్చేదాకా ఒళ్లంతా పక్కకు తిప్పి నిలబెట్టింది.

డాక్టరమ్మ ఉద్యోగానికి కొత్త. అందువల్ల రోగిని ముట్టుకుని చూసింది. పుర్రె కిందే ఉండే రెండు మెడ ఎముకల్లో ఒకటి రెండోదాని మీద మెలి తిరిగి ఇరుక్కున్నట్టుందని, పెద్దల్లో ఇది చాలా అరుదని, ఆలస్యమైతే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పడిపోవచ్చని చెప్పింది. ఎడమ అరచెయ్యి అప్పటికే తిమ్మిరెక్కుతోందని డ్రైవరు చెప్పలేదు. పక్కనే భార్య ఉంది.

స్కానింగుకు రాయబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ జబ్బు పేరు పన్నెండేళ్ల లోపువాళ్లకే తెరుచుకుంటుంది. డాక్టరమ్మ జబ్బుల వర్గీకరణాధికారికి ఫోన్ చేసింది. పెద్దరోగి ఒక్కరు నమోదైనట్టు చూపిస్తే నిబంధన మార్చడానికి అభ్యంతరం లేదని ఆయన మర్యాదగా చెప్పాడు. నమోదు చేయనివ్వడం లేదనే కదా ఫోన్ చేశానని ఆమె అంది. అయితే పెద్దరోగులు లేనట్టేనని ఆయన ఫోన్ పెట్టేశాడు.

దారి గుమస్తాయే చూపించాడు. "వయసు పదకొండు వేసెయ్యండి మేడమ్. ఇప్పుడాయనకి కావాల్సింది వయసా, వైద్యమా?"

అలా డ్రైవరు పిల్లల వార్డులో చేరాడు. మంచం ఆయన మోకాళ్ల దగ్గరే అయిపోయింది. భార్య సంతకం చెల్లలేదు. పదకొండేళ్లవాడికి పెళ్లి చేయడం నేరం కాబట్టి ఆ మాట ఇంకెక్కడా ఎత్తవద్దని నర్సు మంచి కోరే చెప్పింది. డెబ్బై రెండేళ్ల తల్లిని పిలిపించారు. ఆవిడ కొడుకు టీకాల వివరాలు తడుముకోకుండా చెప్పి, సంతకం పెట్టి, మంచం దగ్గరికి వచ్చింది.

"తిన్నగా చూడరా అని చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను," అంది.

స్కానింగులో డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. గడ్డం కింద పట్టీ కట్టి, తాడును కప్పీ మీదుగా వేసి బరువు వేలాడదీశారు. పదకొండేళ్లకు నిబంధన ప్రకారం కిలోన్నర. నలభై ఆరేళ్ల మెడ దాన్ని ఖాతరు చేయలేదు. మూడోరోజుకు తిమ్మిరి మోచేతికి పాకింది. భార్య మందుల కోసం బయటికి వెళ్లినప్పుడు డ్రైవరు గొంతు తగ్గించి డాక్టరమ్మతో చెప్పాడు.

"అమ్మా, ఈ వేళ్లు నావి కానట్టున్నాయి. గేరు వేసే చెయ్యి ఇది."

డాక్టరమ్మ మధ్యాహ్నానికల్లా లేని పిల్లలను ముగ్గురిని వార్డులో చేర్చుకుని, వాళ్ల వాటా బరువులు కూడా తెచ్చి తగిలించింది. (ముగ్గురూ బుద్ధిమంతులని, మందులకు మారాం చేయలేదని రికార్డులో ఉంది.)

మర్నాడు పొద్దున్న మెడలో టక్కుమంది. తల మెల్లగా ముందుకు వచ్చింది, ఇంకాస్త కుడికి తిరిగింది. ఇన్నాళ్లూ ఆ వైపు స్టూలు మీదే కూర్చున్న భార్య కనిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏడ్చావా?" అన్నాడు.

"మీరు ఇటు చూడలేరు కదా అని ధైర్యంగా ఏడ్చాను," అంది.

చేతికి పట్టు వచ్చింది. మూడు నెలలు మెడపట్టీతో ఇంట్లో కూర్చుని, ఆయన మళ్లీ బస్సెక్కాడు.

సంవత్సరాంతంలో ఆసుపత్రి నివేదిక వెలువడింది. ఆ జబ్బుతో నలుగురు పిల్లలు చేరారనీ, నలుగురికీ నయమైందనీ, పెద్దల్లో ఒక్కరికీ రాలేదనీ అందులో ఉంది. ఆ వారమే ఒక దర్జీ ఆవిడ తల కుడివైపుకు ఇరుక్కుపోయి వచ్చింది. గుమస్తా నివేదికలో ఆ పేజీ తీసి, ఆవిడ చూపు పడే వైపుకే వెళ్లి పట్టుకుని, ఆవిడకు ఏమీ కాలేదని చూపించాడు.