అంతస్తుల మధ్య గాంధారం

లిఫ్టు మెకానిక్ ఆ ఆదివారం పొద్దున్నే లేచి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దీపాలు వేసే వేళకు అమ్మను హాల్లో కూర్చోబెట్టాలి. కంప్యూటర్లో ఒక మీట నొక్కాలి. నాన్న వాయించే పాట వినిపించాలి. అంతే. నాన్న పోయి ఆ రోజుకు ఏడాది. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడం మామూలు మనుషుల తరం కాదు. కానీ అతనికి ఒక బావ ఉన్నాడు.

నాన్న వృత్తి హార్మోనియాలకు శ్రుతి చేయడం. నలుగురి పెట్టెలూ నిక్కచ్చిగా సరిచేసే మనిషి, సొంత పెట్టెలో గాంధారాన్ని మాత్రం ఉండాల్సిన దానికంటే పిసరంత కిందికి దించుకున్నాడు. ఎందుకని అడిగితే, "నా పెట్టె, నా ఇష్టం" అనేవాడు. రోజూ కొట్టు కట్టేసి వచ్చి ఆ పెట్టెమీద ఒకే పాట వాయించేవాడు. అది వినబడగానే అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేది. ఆయన పోయాక, సరిగ్గా ఆ వేళకే కుళాయి విప్పుకుని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్లీ కడిగేది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న సంగతి వినబడకుండా ఉండటానికే ఆ కుళాయి అని కొడుక్కి తెలుసు. తెలిసీ ఏమీ చేయలేకపోవడమే అతని బాధ.

పెట్టె ఉంది కదా, ఎవరో ఒకరు వాయించవచ్చు కదా అనిపిస్తుంది. అది బావ చేతిలో పడకపోతే వాయించవచ్చు. బావ మంచివాడు. ఎవరింట్లో ఏది పాడైనా బాగుచేయించేదాకా ఆయనకు అన్నం సహించదు. పాడవనివాటిని కూడా ఆయన వదలడు. మామగారి జ్ఞాపకార్థం అంటూ ఎవరికీ చెప్పకుండా పెట్టెను పట్టుకెళ్లి, లోపల స్వరం పలికే రీడ్లన్నీ మార్పించి, శ్రుతి చేయించి తెచ్చాడు. పాత రీడ్లు ఏవని అడిగితే, "ఆ తుప్పు ముక్కలా? అక్కడే పారేయమన్నాను" అన్నాడు. అమ్మ గాంధారం ఒక్కసారి నొక్కి చూసి, "బాగుంది అల్లుడుగారూ" అని పెట్టెమీద దుప్పటి కప్పేసింది. ఆ దుప్పటి మళ్లీ ఎవరూ తీయలేదు.

ఇక మిగిలింది ఫోనులో ఎప్పుడో రికార్డయిన చిన్న ముక్క. దాని ఆధారంగా పాటంతా తిరిగి కట్టాలని మెకానిక్ కంప్యూటర్లో వాయిద్యాల నాదం పుట్టించే సింథసైజర్ ప్రోగ్రాము ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, హార్మోనియం మెట్లలాంటి కీబోర్డు నుంచి కంప్యూటరుకు వెళ్లేది నాదం కాదు, మిడి అనే భాషలో ఒక ఆజ్ఞ అని. ఫలానా నంబరు స్వరం మోగించు, ఇక చాలించు, అంతే. ఆ నంబర్లు అచ్చం అంతస్తుల్లాగే ఉన్నాయి. రెండో అంతస్తు ఉంది, మూడో అంతస్తు ఉంది, నడుమ గోడ. నాన్న గాంధారం ఆ గోడ దగ్గర ఉంది. నడుమ ఇరుక్కున్న లిఫ్టును ఏదో ఒక గుమ్మానికి చేర్చడమే అతని ఉద్యోగం. ఇప్పుడు కావాలని నడుమ ఆపాల్సి వచ్చింది.

స్వరాన్ని కాస్త వంచడానికి పిచ్ బెండ్ అని ఒక ఉపాయం దొరికింది. గాంధారాన్ని వంచాడు. నాన్న పాట పొడుగునా పట్టి ఉంచే షడ్జమం కూడా దానితోపాటు వంగింది. ఒక లిఫ్టును దించితే పక్క లిఫ్టు కూడా దిగినట్టయింది. ఒక్కొక్క స్వరానికి విడిగా ఒక్కొక్క దారి ఇచ్చాక గానీ ఆ తంటా తీరలేదు. తిత్తి ఊపినప్పుడల్లా నాన్న స్వరం లేశంగా వణికేది. ఆ వణుకును కూడా ఓపిగ్గా గీసి పెట్టాడు. చివరికి అది నాన్నలా పలికిన రోజున, హెడ్‌ఫోన్లు చెవులకుండగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మకు వినబడితే ఆమె ఏడుస్తుందని అతని భయం.

ఇదంతా ఆదివారానికి ముందు సంగతి. ఆ మధ్యాహ్నం పక్క వీధిలో ఏదో లిఫ్టు మొరాయించిందని ఫోనొస్తే అతను సామాను సంచీ తీసుకుని వెళ్లాడు. అప్పుడే అక్కా బావా వచ్చారు. అమ్మ లోపల పడుకుని ఉంది. బావ హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాట విన్నాడు.

"ఇదేంటే, ఈల వేసినట్టుంది. మామగారి పాట ఇలాగా వినిపించేది?"

"మీరు ముట్టుకోకండి. వాడు ఎన్నాళ్లనుంచో చేస్తున్నాడు," అంది అక్క.

"ముట్టుకోవడం ఎక్కడ? బాగుచేస్తున్నాను."

అచ్చం హార్మోనియంలా మోగే కొత్త సింథసైజర్ ఒకటి ఎక్కించి పాటను దానికి అప్పగించాడు. తన ఇంటినుంచి గుమ్మమంత స్పీకరు తెచ్చి, హెడ్‌ఫోన్లు పీకేసి ఆ చోట తగిలించాడు. వినిపించి చూస్తే అత్తగారు లేస్తారని, వినకుండానే వదిలేశాడు. ఆయన జీవితంలో తీసుకున్న ఏకైక జాగ్రత్త అదే.

మెకానిక్ తిరిగొచ్చేసరికి దీపాల వేళ అయింది. వంటింట్లో కుళాయి మొదలైపోయింది. స్పీకరు చూసి అనుమానపడ్డాడు గానీ, అడిగే తీరిక లేదు. "నేను అత్తయ్యను తీసుకొస్తాను, నువ్వు మొదలెట్టు," అంటూ బావ లోపలికి నడిచాడు. మెకానిక్ మీట నొక్కాడు.

పాత సింథ్ పిసరంత అనుకున్న వంపును కొత్త సింథ్ ఎన్నో రెట్లు పెంచి చదువుకుంది. షడ్జమం వంపు లేనిది కాబట్టి నిలబడింది. గాంధారం పాతాళానికి జారింది. నాన్న తిత్తి వణుకు ఊరంతా వినిపించే సైరనై, పైకీ కిందికీ ఊళ వేయసాగింది. మెకానిక్ కంగారుగా ఆపబోయాడు. కంప్యూటరు బిగుసుకుపోయింది. చాలించమనే ఆజ్ఞ అందక స్వరం చాలించలేదు.

వంటింట్లో బావకు అది తన చేతి చలవేనని తట్టనే లేదు. "అత్తయ్యా, బిల్డింగు అంటుకుంది," అని ఆమెను తడిచేతులతోనే బయటికి నడిపించి లిఫ్టెక్కించాడు. కింద అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు మెట్లమీద నిలబడి, "ఎవరూ పరిగెత్తకండి," అని అరుస్తూ తనే పరిగెత్తాడు. ఆయన ఆజ్ఞమీద వాచ్‌మన్ మెయిన్ స్విచ్ దించేశాడు. స్పీకరు నోరు మూసుకుంది. లిఫ్టు మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ నడుమ ఆగిపోయింది.

అంత గోల తర్వాత ఇంట్లో కుళాయి చప్పుడొక్కటే మిగిలింది. మెకానిక్ చీకట్లో ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. అమ్మకోసం చేసిన ఒక్క పనీ ఇలా అయింది. అంతలో అక్క పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, అమ్మా మీ బావా లిఫ్టులో ఇరుక్కున్నారు. ఆయనకు చీకటంటే అసలే పడదు."

మెకానిక్ లిఫ్టు తలుపులు తెరిచే తాళం తీసుకుని మెట్లు దిగాడు. మూడో అంతస్తు తలుపును బెత్తెడు తెరిచాడు. కింద చీకట్లోంచి బావ మూలుగు వినబడింది. దాని వెనకే అమ్మ గొంతు. భయపడిన పసివాణ్ని జోకొట్టినట్టు అల్లుణ్ని ఓదారుస్తూ ఆమె పాడుతోంది. నాన్న పాట. గాంధారం దగ్గరికి వచ్చింది. అతను వారాల తరబడి గీతలు గీసి వెతికిన చోట, పిసరంత కింద, ఆమె గొంతు తేలిగ్గా ఆగింది.

"తియ్యరా," అంది అక్క.

"ఉండక్కా," అన్నాడు. చరణం అయ్యేదాకా ఇద్దరూ కదలలేదు.

"అమ్మా, ఆ స్వరం నీకెలా వచ్చింది?"

"అది నాదేరా," అంది అమ్మ. "పెళ్లయిన కొత్తలో ఆయన వాయిస్తే నేను పాడేదాన్ని. అక్కడికి వచ్చేసరికి నా గొంతు ఎప్పుడూ దిగిపోయేది. నన్ను దిద్దితే పాడటం మానేస్తానని, ఆయన పెట్టెనే దిద్దుకున్నారు. మీరు పుట్టాక నేను పాడటం ఎలాగూ మానేశాను. ఆయన మాత్రం మళ్లీ పైకి ఎక్కించలేదు."

అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి ఈ ఏడాదిలో ఒక్కసారైనా పాడలేదేమ్మా?"

"నువ్వు ఏడుస్తావని."

"నేనూ నువ్వు ఏడుస్తావనే ఏమీ అడగలేదు," అన్నాడు మెకానిక్. చివరికి అందరికంటే పెద్దగా ఏడ్చింది బావ.

"అత్తయ్యా," అన్నాడు ముక్కు చీదుకుంటూ. "నేను పారేయించింది మీ గొంతన్నమాట."

"మీకేం తెలుసు అల్లుడుగారూ. గొంతు ఇక్కడే ఉంది. ఊరుకోండి."

"ఇక కిందికి దించనా అమ్మా?" అని అడిగాడు కొడుకు.

"ఇంకో చరణం ఉందిరా," అంది అమ్మ.

మెకానిక్ తాళం చేత్తో పట్టుకుని, తెరిచిన బెత్తెడు సందు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. అక్క వచ్చి పక్కన కూర్చుంది. కరెంటు వచ్చి దీపాలు వెలిగినా ఎవరూ లేవలేదు.

మర్నాడు ప్రెసిడెంటు అతణ్ని మెట్లమీద నిలబెట్టి నిలదీశాడు. "తాళం చేతిలో పెట్టుకుని, కరెంటొచ్చాక కూడా అంతసేపు చూస్తూ కూర్చున్నావట. నడుమ ఆగిపోయిన లిఫ్టు అలా వదిలేస్తే ఎట్లాగయ్యా?"

"సరైన చోటే ఆగిందండీ," అన్నాడు లిఫ్టు మెకానిక్.